మిషన్‌లోకి చెప్పిన పేరు

మొగుడి పేరు నేను నోటితో పలికింది నా జన్మలో ఒక్కసారే. అది కూడా ఆయన ఉన్నప్పుడు కాదు, పోయాక. ఇంట్లో కాదు, కదిరిలో ఒక ఆఫీసులో, టేపురికార్డరు ముందు. ఎందుకు పలికానో, నా చేత పలికించుకున్న పిల్ల నాకేం చేసిందో చెప్తాను. నేను చెప్తుంటే మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది. నా మాటను కొంచెం సాపు చేసి రాస్తానంది. చెయ్యనీ. విషయం మార్చకపోతే చాలు.

మా పక్క ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరు. రేషన్ షాపులో అడిగితే పక్కనున్నవాళ్ళ మొహం చూస్తాం, వాళ్ళు చెప్తారు. ఆస్పత్రిలో అడిగినా అంతే. పిల్లలున్నవాళ్ళు ఫలానా వాడి నాయన అని గడుపుకుంటారు. నాకు పిల్లలు లేరు. అందుకని ‘మా ఇంటాయన’ అనేదాన్ని, అంతే. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. పోయినవాడికి తగ్గడానికి ఆయుష్షు ఎక్కడుంది అని మీరు అడగొచ్చు. నాకూ తెలుసు. తెలిసినా నోరు తిరగదు.

నేను చదివింది రెండో తరగతి. అక్షరాలు కూడబలుక్కుంటాను, వాక్యం పూర్తయ్యేసరికి మొదలు మర్చిపోతాను. ఆయన పేరు మాత్రం చూడగానే గుర్తుపడతాను. మా పెళ్ళికి పెట్టిన స్టీలు బిందె మీద చుక్కలు చుక్కలుగా ఆ పేరు కొట్టించారు. రోజూ ఆ బిందె తోమిన చెయ్యి ఇది. కళ్ళు మూసుకున్నా ఏ చుక్క ఎక్కడుందో వేలికి తెలుసు.

ఆయన మాటకారి కాదు. ఎవరితోనూ తగువు లేని మనిషని ఊళ్ళో నీటి పనుల కమిటీకి పెద్దగా పెట్టారు. కదిరి నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చి మా వంకకు అడ్డంగా చెక్‌డ్యాం కట్టిద్దామన్నారు. పైన బండ ఉంది, అక్కడ కడదాం, కింద అంతా ఇసుక అని ఈయన చెప్పాడు. సంస్థ పెద్దసారు జీపు దిగి చూశాడు. బండ దాకా జీపు పోదు, రేపు చూడ్డానికి వచ్చే పెద్దవాళ్ళు అంత దూరం నడవలేరు అన్నాడు. కింద మలుపు దగ్గర సున్నంతో గీత గీశాడు. ఈయన ఇంకోసారి చెప్పాడు. మళ్ళీ చెప్పలేదు. కట్టారు. వానకోసం మొహం వాచిన ఊరికి ఆ ఏడు ఒక వాన గట్టిగా పడింది. కింద ఇసుక కోసుకుపోయి డ్యాం రెండు ముక్కలైంది.

ఊరు ఆయన మీద పడింది. సిమెంటు అమ్ముకున్నాడన్నారు. మొహం మీద అనలేదు, అదే నాకు ఇంకా మంట. టీ అంగడి దగ్గరికి ఆయన పోతే అక్కడ మాట ఆగిపోయేది. ఆ నింద మోస్తూనే ఒక పొద్దున కదిరి బస్సులో గుండె ఆగి కిటికీకి ఆనుకుని ఉండిపోయాడు. నిద్రపోతున్నాడని టికెట్ ఇచ్చే అబ్బాయి లేపలేదట.

ఆ పెద్దసారే నన్ను పిలిచి ఆఫీసులో వంట పని ఇచ్చాడు. వెనకాల ఒక గది ఇచ్చాడు. ఉన్నమాట చెప్పాలి, అప్పుడు ఆయన పిలవకపోతే నేను బెంగళూరుకు తట్ట మొయ్యడానికి పోవలసినదాన్ని. బిందె తీసుకుని ఆ గదిలో చేరాను.

రెండు వేల నాలుగో, అయిదో, ఆ ప్రాంతంలో సంస్థవాళ్ళు ఊరూరా తిరిగి రైతుల మాటలు క్యాసెట్లలో పట్టారు. కరువు, బోర్లు, డ్యాములు, ఎవరి నోటికి ఏమొస్తే అది. టైపు చేసే అన్న ఒకాయన వాటిని విని కంప్యూటర్‌లో ఎక్కించేవాడు. అల్మారా నిండిపోయింది. ఏ మాట ఏ క్యాసెట్‌లో ఉందో వెతికి తీయడానికి ధర్మవరం పిల్లను పనిలో పెట్టుకున్నారు. పట్టుచీరలు నేసేవాళ్ళ పిల్ల. కంప్యూటర్ కోర్సు చదివింది. రోజూ రైల్లో వచ్చేది, రైలు తప్పిన రోజు నా గదిలోనే పడుకునేది. పెద్దమ్మా పెద్దమ్మా అని నా వెనకే తిరిగేది. నా చేతి బొరుగుల ఉగ్గాణి తింటూ, ధర్మవరంలో వాళ్ళమ్మకు ఈ రుచి రాదని చెప్పేది. వాళ్ళమ్మతో ఏమని చెప్పేదో మరి.

ఒక మధ్యాహ్నం కరెంటు పోతే వచ్చి నా దగ్గర కూర్చుంది. నేను చట్నీకి శెనక్కాయలు ఒలుస్తున్నాను. రోజంతా టకటకా కొడతావే, నీ పనేమిటి అని అడిగాను. వెతికే పని అంది. వెతికే మిషన్ ఎవరో ముందే రాసి ఊరికే ఇచ్చారట. దాన్ని లైబ్రరీ అంటారట, అందులో పుస్తకాలేమీ ఉండవట. మనం ఎక్కించిన ప్రతి మాటా ఎక్కడెక్కడ ఉందో అది ముందే గుర్తు పెట్టుకుంటుందట. అయితే దాన్ని అడిగే పద్ధతి వేరు. జనం తెర మీది పెట్టెలో కొట్టే మాట ఒకటి. అది లోపలికి పోయేముందు తను కోడ్‌లో కట్టి పంపే ప్రశ్న ఇంకొకటి. ఆ కట్టడమే తన ఉద్యోగమంది. నా మొహం చూసి, చేటలో గింజలు తీసి మూడు కుప్పలు పెట్టింది.

“చూడు పెద్దమ్మా. ఈ మాట ఉండాల్సిందే అని చెప్తా, అది ఈ కుప్ప. ఇది ఉంటే మంచిదే, లేకపోయినా పర్వాలేదు, ఉన్న కాయితం ముందుకొస్తాది, అది ఈ కుప్ప. ఇది ఉండనే కూడదు, ఉంటే ఆ కాయితం పక్కకు పోతాది, అది మూడో కుప్ప. మూడూ కలిపి కడితే ప్రశ్న.”

విత్తనానికి గింజలు ఏరేటప్పుడు మేం చేసేదే అది. గింజ నిండుగా ఉండాల్సిందే. పొట్టు చెదరకపోతే మంచిది. బూజు ఉండనే కూడదు. నాకు నవ్వొచ్చింది.

“దీనికి కోర్సు చదవాల్నా మే? నాకు చెప్పింటే నేనే ఏరి పెడుతుంటి కదా.”

“నువ్వు ఏరతా కూర్చుంటే మాకు అన్నం యాడిది పెద్దమ్మా?”

అప్పటికి నా మాటా క్యాసెట్‌లో పట్టి ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు అని పెద్దసారే అన్నాడు. ఆయన మాట నమ్మి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. బండ సంగతి, ఇసుక సంగతి, జీపు సంగతి, సున్నపు గీత సంగతి. నాకు కావలసింది ఒక్కటే. రేపు ఎవరైనా మా ఆయన గురించి వెతికితే ఊరి మాటతో పాటు నా మాట కూడా వాళ్ళ కంట పడాలి. ఆయనకు కొడుకు లేడు, మనవడు లేడు. ఇక ఆయన తరఫున నిలబడేది ఆ మాట ఒక్కటే.

అందుకే ఒకరోజు ఆయన పేరు కొట్టి చూపించమని ఆ పిల్లను అడిగాను. పేరేమిటంది. నేను గదిలోకి పోయి బిందె తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టాను. నవ్వి నవ్వి, చుక్కలు కూడబలుక్కుని కొట్టింది. వరసగా వచ్చాయి. ఒక్కొక్కటి చదివింది. అందరూ మా ఊరివాళ్ళే. సిమెంటు అమ్ముకున్నాడు, సిమెంటు అమ్ముకున్నాడు. ఒకాయనైతే మా ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళకు వడ్డించాడో, ఆయనా అదే మాట. నాది రాలేదు.

“నువ్వు చెప్పిందాంట్లో ఆయన పేరే లేదు కదా పెద్దమ్మా. అంతా మా ఇంటాయన, మా ఇంటాయన అన్నావు. ఇది పేరు కోసం వెతుకుతాది, దానికేం తెలుసు మీ ఇంటాయన ఎవరో?”

నా మొహం చూసి, ఉండు నేను కడతా అంది. ఆ సాయంత్రం రైలు వదులుకుని కూర్చుంది. ఆయన పేరు అడిగితే, పేరు లేకపోయినా సరే, మా ఊరి కాయితం అయి, అందులో ‘మా ఇంటాయన’, ‘కమిటీ’ అనే మాటలు దగ్గర దగ్గరగా ఉంటే అదీ రావాలని కోడ్‌లో రాసింది. అలాంటిదానికి బరువు ఎక్కువ వేసింది, పైకి రావాలని. మళ్ళీ పేరు కొట్టింది. అన్నిటికంటే పైన నా మాట వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా నాకు చదివి వినిపించింది. సున్నపు గీత దగ్గర ఆగి, ఆ ముక్క మళ్ళీ ఒకసారి చదివింది. నేను చూశాను, అది నటన కాదు. మెటికలు విరిచి దిష్టి తీశాను. కడుపున పుట్టినా ఇంత చేస్తుందా అనుకున్నాను.

కొన్నాళ్ళకు పెద్ద ఊళ్ళ నుంచి ఎవరో వస్తున్నారని, వెతికే మిషన్ వాళ్ళకు చూపించాలని హడావుడి మొదలైంది. పెద్దసారు రోజూ ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒక రోజు ఆయన లేనప్పుడు, ఆశ కొద్దీ, ఇంకోసారి నా మాట చూపించమన్నాను. పేరు కొట్టింది. రాలేదు. చివరిదాకా జరిపింది. లేదు.

ఆ కట్టిన ముక్క వల్ల వేరే ఆడవాళ్ళ మాటలు కూడా వస్తున్నాయి, అందుకని తీసేశానంది. నా వైపు చూడకుండా చెప్పింది. తప్పు నాదేనేమో అనుకున్నాను. ఊళ్ళో ప్రతి ఆడదీ మా ఇంటాయన అనే అంటుంది కదా, మిషన్ ఎట్లా పోల్చుకుంటుంది పాపం.

“అయితే నేను పేరు పెట్టి మళ్ళా చెప్తే వస్తాదా?” అని అడిగాను.

బల్ల మీది కాయితాలు సర్దింది. తర్వాత, “వస్తాది పెద్దమ్మా” అంది.

మర్నాడు తలకు పోసుకుని పోయాను. అది తలుపు మూసి కొత్త క్యాసెట్ పెట్టి మీట నొక్కింది. నేను గోడకు తిరిగి కూర్చున్నాను. బండ సంగతి చెప్పాను, ఇసుక సంగతి చెప్పాను. పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. మా అమ్మ గుర్తొచ్చింది. చివరికి ఇంటిపేరుతో సహా చెప్పాను. నా చెవులకు అది ఎవరో పరాయి ఆడది ఆయన్ను వీధిలో నిలబెట్టి పిలిచినట్టు వినిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. సరిపోయిందా అని అడిగితే, సరిపోయింది అంది. ఆపే మీట నొక్కి, ఆ మాటలన్నీ తనే కంప్యూటర్‌లో ఎక్కించింది.

పెద్దవాళ్ళు వచ్చారు. గోడ మీద తెల్లగుడ్డ కట్టి దాని మీద కంప్యూటర్ బొమ్మ పడేట్టు పెట్టారు. నేను టీ కప్పులు పట్టుకుని వెనకాల నిలబడ్డాను. వచ్చినవాళ్ళలో ఒకామె, తెలుగామే, విరిగిపోయిన డ్యాముల గురించి అడిగింది. ఆ పిల్ల మా ఊరి పేరు కొట్టింది, డ్యాం అని కొట్టింది. మా ఊరివాళ్ళ మాటలు దిగాయి. పెద్దసారు ఒకటి చదివి, కమిటీలే ఇట్లా చేస్తే మేమేం చేస్తామండీ అన్నాడు. బిందె మీద పేరు తెల్లగుడ్డ మీద తలుపంత పొడుగున కనపడింది. ఆయన పేరు అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. ఆ పిల్ల చివరిదాకా జరిపింది. పేరు లేనిదీ రాలేదు, పేరు పెట్టి చెప్పిందీ రాలేదు. ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసి మళ్ళీ మొహం తిప్పుకుంది. నేను అందరికీ టీ ఇచ్చాను. ఆ పిల్లకు కూడా ఇచ్చాను.

జీపులు పోయాక టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి వంటగదిలోకి వచ్చింది.

“మే, మూడో కుప్పలో వేసినావా నన్ను?”

డబ్బా మూత తిప్పుతూనే ఉంది. “సారు చెప్పినాడు పెద్దమ్మా. నీ మాట అని గుర్తున్న ఏ కాయితమూ రాకూడదన్నాడు. ఎవరు ఏం కొట్టినా వెనక ఆ ముక్క తగులుకుంటాది.”

“ఎప్పుడేసినావు?”

“వాళ్ళు వస్తారని తెలిసినప్పుడే.”

“అంటే నేను పేరు చెప్పకముందే.”

తల ఊపింది.

“తెలిసీ నాతో ఎందుకు చెప్పించినావమ్మా?”

“చెప్పుకుంటే నీ మనసు తేలికైతాది అనుకున్నా.”

పెద్దసారు మీద నాకు కోపం లేదా అంటే ఉంది. కానీ ఆయన తన గీతను తాను కాపాడుకున్నాడు, ఆయన మొదటి నుంచీ అంతే. ఆయన దగ్గర నేను బిందె పెట్టలేదు. దీని దగ్గర పెట్టాను. ఉద్యోగం పోతుందని భయపడి నా మాట దాచిపెడితే, నాకు ఒక మాట చెప్పి దాచిపెట్టి ఉంటే, తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, మర్నాడు అన్నం పెట్టేదాన్ని. నాకు మిగిలిన ఒకే ఒక్క పట్టింపును, వట్టిదానికని తెలిసీ, మీట నొక్కి నా నోట్లోంచి తీసుకుంది.

ఆ పేరు చెప్పిన ముక్క తీసెయ్ అన్నాను. రెండోది. మొదటిది ఉంటే ఉండనీ, పోతే పోనీ. లేచిపోయి అల్మారాలోంచి క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. కంప్యూటర్‌లోది కూడా అన్నాను. కూర్చుని ఏదో కొట్టింది. తీసేశానంది. చూపించమన్నాను. పెట్టెలో ఆయన పేరు కొట్టింది. ఊరందరి మాటలూ వచ్చాయి. నాది రాలేదు.

తీసేసినా రాదు. తీయకపోయినా రాదు. ఆ రెండిట్లో ఏది నిజమో చెప్పగలిగేది ఆ పిల్ల ఒక్కతే. “తీసేసినా పెద్దమ్మా, నిజం” అని ఇంకోసారి అంది. నేను క్యాసెట్‌ను బిందెలో వేసుకుని, బిందె చంకన పెట్టుకుని, మా ఊరి బస్సు ఎక్కాను.