నిలబడే విన్నాను

నడుములో డిస్క్ దెబ్బతిన్నప్పటి నుంచి ఆఫీసులో మీటింగులన్నీ గోడకు ఆనుకొని నిలబడే వింటున్నాను. ఈ రోజు పొద్దున హెచ్ఆర్ మేడమ్ నన్ను గాజు గదిలోకి పిలిచి తలుపు మూసింది. మా ఫ్లోర్‌లో ఆ తలుపు మూశారంటే ఒకరి ఉద్యోగం పోయినట్టే.

"కూర్చోండి సార్," అంది.

"కూర్చోలేనండి. డిస్క్ ప్రాబ్లమ్. వచ్చే నెల ఆపరేషన్."

ఆమె బల్ల మీది కవరు నా వైపు జరిపింది. "సారీ అండి. ఇన్సూరెన్స్ కూడా ఈ నెలాఖరు వరకే సార్."

ఏళ్ల తరబడి వాళ్ల కుర్చీలో కూర్చునే ఈ డిస్క్‌ని అరగదీసుకున్నాను. ల్యాప్‌టాప్ అక్కడే తీసేసుకున్నారు. బరువులు మోయొద్దని డాక్టర్ ఎప్పట్నుంచో చెబుతున్నాడు, ఇవాళ ఆయన ముచ్చట తీరింది. నల్లగండ్లలో మా ఇంటి దాకా క్యాబ్ వెనక సీట్లో పడుకొని వచ్చాను.

నిలబడి చేసే ఉద్యోగం మీ ఎరుకలో ఏదైనా ఉంటే చెప్పండి.