పసుపు మూతి

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మేము కిరాయికి దిగిన ఇంట్లో మాకంటే ముందే ఒక పిల్లి కాపురముంది. తెల్లటి పిల్లి, అప్పటికే బాగా ముసలిది. నాన్నగారికి బదిలీ అయి కోస్తా నుంచి కొత్తగా వచ్చాం. నాకు ఎనిమిదేళ్లు, ఆడుకోవడానికి ఎవరూ లేరు. బడి నుంచి రాగానే దాని పక్కన చేరి ఆ రోజు సంగతులన్నీ చెప్పేదాన్ని. అది కళ్లు మూసుకుని వినేది. నిద్రపోయేదేమో కూడా, నాకు మాత్రం వింటున్నట్టే ఉండేది.

కొన్నాళ్లకు దానికి కడుపు చెడింది. తోక కింద బొచ్చు అట్టలు కట్టి వాసన కొట్టేది. ముందుగదిలో చాప రెండుసార్లు పాడు చేసింది. అమ్మ కడిగి కడిగి విసిగిపోయింది. చివరికి ఒకరోజు నాన్నగారు పూజకు కూర్చునే పీట మీదే పని కానిచ్చింది. ఆదివారం దాన్ని గోనెసంచిలో వేసి మలక్‌పేట మార్కెట్ దగ్గర వదిలేసి వస్తానని ఆయన తేల్చి చెప్పేశారు. ఆ రోజుల్లో అక్కర్లేని పిల్లుల్ని అలాగే వదిలేసేవారు. నేను ఏడ్చిన ఏడుపుకి ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

అన్నంలో కలిపే రెండు చేప ముక్కలు తప్ప ఏమీ పెట్టడం లేదే, దీనికి ఈ రోగమేమిటని అమ్మకు అంతుపట్టలేదు. అమ్మకు తెలియని సంగతి ఒకటుంది. నాకు పాలంటే అసహ్యం, పైన మీగడ తేలితే మరీను. రోజూ సాయంత్రం పెరట్లో తాగుతానని గ్లాసు పట్టుకుపోయి, బట్టలుతికే బండ వెనక కొబ్బరి చిప్పలో పోసేదాన్ని. పిల్లి తాగేసేది. పాలంటే పిల్లికి ప్రాణమని అందరూ అనేవారు కదా, నా అంత ప్రేమ దానిమీద ఇంకెవరికుందని నా గర్వం. వెళ్లిపోతుందని తెలిశాక అడిగి మరీ రెండో గ్లాసు పోయించుకున్నాను. దాని కడుపు ఇంకా పాడైంది.

పక్కింటావిడను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆమె మలక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి, ఎన్నో పిల్లుల్ని చూసిన మనిషి. ఎన్నడూ లేనిది నేను రెండో గ్లాసు అడుగుతున్నానని అమ్మ మురిసిపోతూ చెబితే, ఆమె మా పెరట్లోకి ఓసారి చూసి, ఆ పాలల్లో ఇంత పసుపు వెయ్యమంది. గురువారం సాయంత్రం నా గ్లాసులో పాలు పసుప్పచ్చగా ఉన్నాయి. దగ్గుకు మంచిదని అమ్మ అంది. మామూలు పాలే దిగని గొంతులో పసుపు పాలా! అవీ చిప్పలోకే పోయాయి.

తెల్లారి పిల్లి మా గడప మీద కూర్చుంది. గడ్డమూ మీసాలూ రొమ్మూ నిండా పసుపు. పెద్దమ్మ దాన్ని చూసి, "ఏందే, పేరంటానికి పోయొచ్చినవా? మూతికి గింత పసుపు ఎవలు పెట్టిన్రు?" అంది. అమ్మ నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

పెద్దమ్మ నన్ను తిట్టలేదు. గోరువెచ్చటి నీళ్లు, పాత నూలు చీర ముక్క తెమ్మంది. అట్టలు కట్టిన బొచ్చు తానే జాగ్రత్తగా కత్తిరించి, గుడ్డ తడిపి నా చేతికిచ్చింది. ముక్కు మూసుకోకుండా తుడవమంది. "ముసలిదైంది బిడ్డా. నడుము వంగుతలేదు, నాలుక ఎనక్కి అందుతలేదు. గలీజుగుండాలని దానికేమన్న సోకా? పాలు దీనికి అరుగుతలేవు." తుడిచి ఆరబెట్టాక బొచ్చు దువ్వడం చూపించింది. ఊడిన వెంట్రుకలు నాకి మింగితే అవీ కడుపులో ఉండగట్టి కక్కుతుందట. ఆ తర్వాత మెల్లగా అడిగింది, "నీకిష్టమైంది పెట్టినవా, నీకొద్దన్నది పెట్టినవా?"

నేను సిగ్గుతో తల వంచుకుని దాని మూతికున్న పసుపు తుడవసాగాను.

ఆ రోజు నుంచి పాలు మానిపించాం. ఉడికించిన చేప ముక్క, పక్కన మంచినీళ్లు, అంతే. ఆదివారం నాటికి కడుపు కుదుటపడింది. అయినా నాన్నగారు గోనెసంచి దులుపుతున్నారు. పెద్దమ్మ చెబుతుందని చూశాను, ఆమె ప్రహరీ అవతల నిలబడి నావైపే చూస్తోంది తప్ప నోరు విప్పలేదు. నేనే వెళ్లి, పీట పాడవడానికి కారణం పిల్లి కాదు నాన్నా, నేనూ నా పాలూ అని చెప్పేశాను. ఆయన సంచిని నాలుగు మడతలు పెట్టి గడప పక్కన పరిచారు. బతికినన్నాళ్లూ పిల్లి దానిమీదే పడుకుంది.

ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఉంటున్నాను. ఇక్కడా నాకో ముసలి పిల్లి ఉంది, వారానికి రెండుసార్లు దాన్ని గోరువెచ్చటి గుడ్డతో తుడుస్తాను. ఎవరికైనా చీరో, మిఠాయో, సలహాయో ఇవ్వబోయినప్పుడు ఆ పసుపు మూతి గుర్తొచ్చి నా చెయ్యి ఆగుతుంది. పాలంటారా, ఈనాటికీ నాకు గిట్టవు. కోడలు ప్రేమగా ఇస్తుంది, మీగడతో సహా. నా గ్లాసు నేనే తాగుతాను.