నాలుగు సున్నపు గుర్తులు

మా ఊరి నర్సమ్మ పోయింది. మంగళవారం పొద్దున ఆత్మకూరులో బస్సు దిగి బడికి నడుస్తుంటే ఆమె కొడుకు పెట్టిన మెసేజి చూశాను. “అమ్మ తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించినారు. సమాధి కార్యక్రమం సాయంత్రం.” ఆ మెసేజి వచ్చింది కూడా ఆమె పెట్టిన వాట్సాప్ గ్రూపులోనే. రోజూ ఏడింటికల్లా అందులో ఆమె గొంతు వినబడేది. చదువు రాని ముసలివాళ్ళ కోసం ఆమె ఎప్పుడూ రాసేది కాదు, మాట్లాడి పెట్టేది. “లేసినారా? బీపీ మాత్ర ఏసుకున్నారా? ఏసుకోనోళ్ళు నాకు సాకులు చెప్పబాకండి, ఏసుకొని మాట్లాడండి.” ఆ రోజు ఎనిమిది దాటినా ఆ గొంతు రాలేదని నేను గమనించనే లేదు. ఆత్మకూరు దాకా కిటికీకి తల ఆనించి నిద్రపోయాను.

మాది ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. ఆమె మా సబ్ సెంటరుకు నర్సుగా వచ్చేనాటికి నేను ఇంకా టీచరు ట్రైనింగులో ఉన్నాను. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచీ నన్ను “అయ్యోరా” అనే పిలిచింది. పదేళ్ళ పెద్దది కాబట్టి నేను అక్కా అనేవాణ్ణి. నోరు పెద్దది. ఊళ్ళో ఆమె చేత తిట్లు తినని మనిషి లేడు, ఆమె చేతి సూది తినని మనిషీ లేడు.

కొన్నేళ్ళ కిందట సబ్ సెంటరుకు ఒక ట్యాబు ఇచ్చారు. అందులో ఎక్కడో ఉన్న డాక్టరు కనబడి రోగిని చూస్తాడు, మందులు చెబుతాడు. దాన్ని ఎలా తెరవాలో, పేర్లు ఎలా ఎక్కించాలో ఆమెకు నేర్పింది నేనే. “కాలం మారిందక్కా, ఇక ప్రతిదానికీ నెల్లూరు పోనక్కర్లేదు” అన్నది కూడా నేనే. ఆ మాట ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తీరా చూస్తే ఊళ్ళో సిగ్నల్ అంది ట్యాబులో బొమ్మ నిలిచే చోటు ఒక్కటే, సబ్ సెంటరు వరండాలో ఉదయగిరి కొండ కనిపించే మూల. అక్కడ కూడా కుర్చీ, దానితోపాటు ఎదుట ట్యాబు జానెడు జరిగితే డాక్టరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయేవాడు. నర్సమ్మ రెండు రోజులు కుర్చీని అటూ ఇటూ జరిపి జరిపి, చివరికి నీలం ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్ళ కిందా సున్నంతో నాలుగు గుండ్రాలు గీసింది. అవి చెరిగిపోతే శనివారం శనివారం మళ్ళీ దిద్దేది. “ఈ గుండ్రాలు దాటితే మీకు డాక్టరూ లేడు, నేనూ లేను” అని బెదిరించేది.

మొదట్లో ఎవరూ ఆ కుర్చీ ఎక్కడానికి ఒప్పుకోలేదు. మా పక్కింటి అవ్వ అయితే, తెలియని మగవాడికి నాలుక చూపించనని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నర్సమ్మ ఆమెను పక్కకు జరిపి, తానే కూర్చుని, ట్యాబు ముందు నాలుక బారెడు చాపింది. “చూడవ్వా, నేను చూపించినా. నువ్వేమన్నా నాకంటే అందగత్తెవా?” తెర లోపల డాక్టరు కూడా నవ్వాడు. అవ్వ నవ్వుకుంటూనే నోరు తెరిచింది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. డాక్టరు కనబడగానే “ఎలా ఉన్నారు?” అని అడుగుతాడు. మా వాళ్ళు అడిగినవాడి మర్యాద కోసం చేతులు జోడించి “బాగుండాను సామీ” అంటారు. అంత పెద్దమనిషి పలకరిస్తే బాగాలేదనడం మాకు చేత కాదు. డాక్టరు బాగున్నారని రాసుకుని తరువాతి పేరు పిలిచేవాడు. నర్సమ్మకు ఒళ్ళు మండిపోయేది. “బాగుంటే ఇంటికాడ ఉండు, ఇక్కడికెందుకు వచ్చినావు? బాగలేదని చెప్పు. నోరు తెరిచి చెప్పు!” లైనులో ఉన్నవాళ్ళందరి చేతా “బాగలేదు సార్” అని ముందే రెండుసార్లు అనిపించేది. బడిలో నేను ఎక్కాలు చెప్పించినట్టు.

మా నాయన కూడా అదే తప్పు చేశాడు. చక్కెర జబ్బు మనిషి, మడమకు పుండు పడితే పసుపు అద్దుకుని మా దగ్గర దాచాడు. డాక్టరుకు చేతులు జోడించి బాగుండానన్నాడు. ఆయన నడక చూసి ఆమెకు అనుమానం వచ్చింది. పంచె పైకి లాగి, ట్యాబును నేరుగా మడమ దగ్గర పెట్టింది. “ఇది బాగుండాదా సార్? మీరే చెప్పండి.” డాక్టరు ఆ పూటే నెల్లూరు పంపమన్నాడు. మా నాయన ఈ రోజుకీ తన రెండు కాళ్ళ మీద చేనికి పోతున్నాడు. అందుకే ఇంటర్నెట్టును తిట్టబోతే నాకు నోరు రాదు. మెచ్చుకోవడానికీ రాదు.

మొన్న రెండో శనివారం సెలవు కదా అని వరండాలోకి వెళ్ళాను. ఆమె వంగి సున్నపు గుండ్రాలు దిద్దుతోంది. మూడు దిద్ది, నాలుగోదాని దగ్గర ఆగి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని గోడకు చేరబడింది. మొహమంతా చెమట.

“ఏందక్కా?”

“గ్యాసులే అయ్యోరా.”

“గ్యాసని చెప్పాల్సింది డాక్టరు, సోడా అంగడోడు కాదు” అని ఊరందరికీ చెప్పిన మనిషి ఆమె. ఆ మాటే నేను ఆమెకు తిరిగి చెప్పాను. నవ్వి, నాలుగో గుండ్రం పూర్తి చేసింది. ఆ రోజు లైనులో అందరినీ చూసిన తరువాత డాక్టరు తనంతట తానే అడిగాడు. “మీరెలా ఉన్నారమ్మా?”

ఆమె చేతులు జోడించింది. “బాగుండాను సార్.”

నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

తరువాత ఆమె వద్దంటున్నా ట్యాబు తీసుకుని గుండె డాక్టరు లిస్టులో ఆమె పేరు ఎక్కించాను. ఆయన కనబడేది ఎప్పుడో ఒక గురువారం. మాకు దొరికింది వచ్చే గురువారం కాదు, ఆ తరువాతిది. “అంతదాకా ఎందుకు, రేపు నెల్లూరు పోయొద్దాం పా” అన్నాను.

“నేనే బస్సెక్కి నెల్లూరు పోతే ఈ కుర్చీలో ఇంకెవురు కూర్చుంటారు అయ్యోరా? నర్సమ్మకే నమ్మకం లేదంటారు. ఎంత, పన్నెండు రోజులు గదా.”

నేను ఇంకోసారి అడగలేదు. చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించాల్సింది. పేరు ఎక్కించాను కదా, నా పని అయిపోయిందనుకున్నాను. నా జీవితంలో ఇంత తేలిగ్గా చేతులు దులుపుకున్నది ఇంకొకటి లేదు. మంగళవారం తెల్లవారుతుండగా నొప్పి వస్తే ఆటోలో ఉదయగిరికి బయలుదేరారు. ఆటో ఊరి దారి దాటి రోడ్డెక్కేలోపే అయిపోయింది. వందల మైళ్ళ అవతలి డాక్టరు మా వరండాలోకి వచ్చాడు గానీ, వరండాలోని మనిషి ఉదయగిరి దాకా పోలేకపోయింది. దీనికి ఎవరిని అడగాలో నాకు తెలియదు. అడిగినా ఏమొస్తుంది?

ఆ గురువారం సెలవు పెట్టి సబ్ సెంటరుకు వెళ్ళాను. ముసలివాళ్ళు అప్పటికే వచ్చి గోడవారగా కూర్చుని ఉన్నారు, ఆమె ఉన్నప్పటిలాగే. కొత్త నర్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మందులన్నా ఇద్దామని ఆశా వర్కరు తలుపు తీసి, అలవాటు కొద్దీ కుర్చీ తెచ్చి గుర్తుల మీద సర్ది, ట్యాబు తెరిచింది. సిగ్నల్ రెండు గీతలు చూపించింది. లిస్టులో మొదటి పేరు నర్సమ్మది.

మేము ఆపేలోపే గుండె డాక్టరు తెర మీదికి వచ్చాడు. కాగితాల వైపు చూస్తూనే, “నమస్తే అమ్మా, ఎలా ఉన్నారు?” అన్నాడు.

ఆశా వర్కరు కొంగు నోట్లో కుక్కుకుంది. గోడవార నుంచి పక్కింటి అవ్వ లేచి నిలబడింది. చేతులు జోడించలేదు.

“బాగలేదు సార్” అంది. నేర్పినట్టే, నోరు తెరిచి, రెండుసార్లు అంది. “బాగలేదు సార్.”

“కుర్చీలో కూర్చోండమ్మా, మీరు కనబడటం లేదు” అన్నాడాయన.

ఎవరూ కూర్చోలేదు. తెర మూలన మా వైపు చూపించే చిన్న గడిలో నీలం కుర్చీ, దాని వెనక గోడ కనబడుతున్నాయి. నేల మీద నాలుగు గుండ్రాల్లో కుర్చీ నాలుగు కాళ్ళూ సరిగ్గా కూర్చుని ఉన్నాయి.