పదకొండో మెట్టు

1982 జూన్‌లో నన్ను నంద్యాలలోని ఒక వికలాంగుల పునరావాస కేంద్రంలో సైకాలజిస్టు, గ్రేడ్-2గా వేశారు. గ్రేడ్-1 పోస్టు ఖాళీగా ఉండేది. అది నిండేదాకా నా పనిని పర్యవేక్షించే బాధ్యత కంటి డాక్టరు గారికి అప్పగించారు. ఆయన గది నా గది పక్కనే ఉండటం తప్ప ఇందుకు వేరే కారణం నాకు కనబడలేదు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నా ఆస్తి మూడు వస్తువులు: ఒక డిప్లొమా, ఒక స్టాప్‌వాచీ, గడులు గీస్తే తేలని సమస్య లోకంలో లేదన్న నమ్మకం.

ప్రతి గురువారం ఆళ్లగడ్డ ఉపకేంద్రానికి బస్సులో వెళ్లేవాణ్ణి. అక్కడ వరండా చివరి బల్ల నాది. ఆగస్టులో ఆ బల్ల దగ్గరికి రుద్రవరం వైపు నుంచి మార్తమ్మ అనే వ్యవసాయ కూలీ వచ్చింది. వెంట ఏడేళ్ల కూతురు సలోమి. పాత చీర పేలికతో కూతుర్ని తన నడుముకు కట్టుకుని తీసుకొచ్చింది. పిల్ల మాట్లాడదు. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. వేరుసెనగ తొక్కలు దొరికితే పొద్దంతా వరస పేరుస్తుంది. చెయ్యి పట్టుకుంటే కేకలు పెడుతుంది, వదిలితే లారీలకు ఎదురుగా పరుగెత్తుతుంది. అందుకే ఆ పేలిక.

అది ఆటిజం అని గుర్తుపట్టాను. మా రిజిస్టరు గుర్తుపట్టలేదు. అందులో అంధత్వం, చెవుడు, అవిటితనం, బుద్ధిమాంద్యం అని పేరున్న గడులు నాలుగే ఉన్నాయి. గుమాస్తా సలోమిని ‘ఇతరములు’లో రాసుకున్నాడు. ఆ గడిలో ఆమెకు ముందున్న కేసు కుక్కకాటు.

చికిత్సా ప్రణాళిక అంటే ఏమిటో చెబుతాను. పిల్లకు ఇప్పుడు ఏమి వచ్చో లెక్కించి రాసుకుంటాం. నేర్పాల్సినదాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొడతాం. ఒక మెట్టు దాటినప్పుడల్లా పిల్లకు ఇష్టమైనది ఏదో ఒకటి ఇస్తాం. ఒకటి దాటకుండా రెండోదానికి పోకూడదని నాకు నేర్పారు. సలోమికి నేను పద్నాలుగు మెట్లు రాశాను. మొదటిది, ఎదుటివారి కళ్లలోకి అయిదు సెకన్లు చూడటం.

ఇంతకూ నీకేం కావాలని తల్లిని అడిగాను. ఫారంలో ఆ ప్రశ్న ఉంది గనుక అడిగాను.

“మాటలు రాకున్నా పోనీ సారూ. చెయ్యి పట్టుకోనిస్తే సాలు. రోడ్డు దాటల్ల గదా! దూడను కట్టుకున్నెట్ల కట్టుకొని తిరుగుతాండా.”

దాన్ని ‘తల్లి అభిప్రాయం’ గడిలో పొందికగా రాసుకున్నాను. ప్రణాళికలో చెయ్యి పట్టుకోనివ్వడం పదకొండో మెట్టు. ఓపిక పట్టమని ఆమెకు చెప్పాను.

ఒక నిబంధన గురించి కూడా చెప్పాల్సి వచ్చింది. ఆరు నెలల్లో ప్రగతి కనబడకపోతే కేసు మూసేసి, పిల్లను పట్నంలోని వసతి గృహానికి సిఫారసు చేయాలి. “ఆడ మంచానికి కట్టేస్తారంట గదా సారూ? నేనైతే నాకే కట్టుకుంటాండా,” అంది మార్తమ్మ. దీన్ని రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

అయిదు నెలలు గురువారం గురువారం సలోమికి ఎదురుగా కూర్చుని, బెల్లం ముక్క నా కంటి పక్కన పట్టుకుని పేరు పెట్టి పిలిచాను. నెలవారీ ఫలితాలు: సున్నా, సున్నా, ఒకటి, సున్నా, సున్నా. ఆ ఒకటి కూడా నా నుదుటి మీద వాలిన ఈగకు చెందుతుంది.

జనవరిలో ఒక గురువారం టీకాలకు వచ్చిన ఆడవాళ్లతో వరండా నిండిపోయింది. ఆడవాళ్లున్న చోటికి గాజుల హుసేన్ సాబు తప్పకుండా వస్తాడు. గోడవారగా మలారం విప్పాడు. మలారమంటే గాజులు గుచ్చి మోసుకొచ్చే మోపు. నేను సున్నాలు కూడుతుండగా మార్తమ్మ పేలిక ముడి వదులైంది. సలోమి పోయి మలారం పక్కన కూర్చుంది.

హుసేన్ సాబు ఒక ముసలమ్మతో ఆమె కోడలి సంగతులు మాట్లాడుతున్నాడు. మాట ఆపకుండానే, పిల్ల మొహం వైపు చూడకుండానే ఆ చెయ్యి అందుకున్నాడు. వేళ్ల కణుపుల దగ్గర గట్టిగా, మెల్లగా నొక్కాడు.

“అన్నా, ముట్టుకోవద్దు! అరుస్తాది!” అని మార్తమ్మ పరుగెత్తింది.

అప్పటికే నాలుగు గాజులు ఎక్కాయి. సలోమి అరవలేదు. రెండో చెయ్యి చాపింది. అలవాటు కొద్దీ నేను స్టాప్‌వాచీ నొక్కాను గానీ ఎప్పుడు ఆపాలో తెలియలేదు.

ఎలా చేశావని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

“ఏముంది సారూ, పొద్దన్నుంచి ఆడోళ్ల చేతులు పట్టుకునే పని నాది. మొగం పక్క సూస్తే మొగుళ్లు బతకనిస్తారా? కండ్లు చేతి మీదనే ఉండల్ల. మీరేందప్పా, పాప మొగంలో మొగం పెట్టి గుడ్లురుముతాండారు! నాకే బయమేస్తాంది.”

ముసలమ్మ నవ్వింది. మార్తమ్మ నవ్వు ఆపుకుంది, నా హోదాను గౌరవించి.

తిరుగు బస్సులో ప్రణాళిక మళ్లీ రాశాను. పదకొండో మెట్టు మొదటిదైంది. ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి. చూపు చేతిలోని పని మీదే ఉండాలి. మరుసటి వారం హుసేన్ సాబు ఆ నొక్కే పద్ధతి మార్తమ్మకు నేర్పాడు: “వేళ్లు లాగొద్దమ్మా, మెత్తగ దువ్వొద్దు. కణుపు కాడ గట్టిగ పట్టల్ల, తొందరగ వదలొద్దు.” ఆమె ఇంట్లో రోజుకు మూడుసార్లు గాజులు తొడిగి తీసేది. తర్వాత గాజులు లేకుండా చెయ్యి మాత్రమే పట్టుకునేది. తర్వాత పట్టుకుని పది అడుగులు నడిచేది. బెల్లం అవసరం పడలేదు, గాజుల చప్పుడే చాలింది.

ఫిబ్రవరిలో నంద్యాలలో సమీక్ష. తల్లీకూతుళ్లను కూడా ఆ రోజు అక్కడికి రమ్మన్నాను. కంటి డాక్టరు గారు నా పాత పట్టికలు తిరగేశారు.

“కండ్లల్లోకి సూసేది సున్నా అని రాసినావే. సూపు పరీక్ష సేపించినావా అప్పా?”

చూపు బాగానే ఉందని చెప్పి కిటికీలోంచి రోడ్డు చూపించాను. మార్తమ్మ, సలోమి చెయ్యీ చెయ్యీ పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. మధ్యలో ఒక లారీ హారన్ కొట్టింది. సలోమి మెలికలు తిరిగింది, కేక పెట్టింది. తల్లి కణుపుల దగ్గర బిగించి అలాగే నిలబడింది. చెయ్యి విడిపోలేదు. లారీ పోయింది, ఇద్దరూ దాటారు. చీర పేలిక సంచిలో ఉంది.

“ఒకటోది దాటకుండా పదకొండోది ఎట్ల దాటింది?” అన్నారాయన.

నంబర్లు మార్చానని ఒప్పుకున్నాను. ఆయన నిబంధనల పుస్తకం కాసేపు చూసి, మార్చకూడదని ఎక్కడా రాయలేదని తేల్చి, ‘ప్రగతి ఉంది’ అన్న చోట సంతకం పెట్టారు. కేసు మూయలేదు. వసతి గృహం ఫారం ఖాళీగా అల్మరాలోకి తిరిగి వెళ్లింది.

ఆ తర్వాత నాలుగేళ్లు సలోమిని చూశాను. నా కళ్లలోకి అయిదు సెకన్లు ఆమె ఎప్పుడూ చూడలేదు. దానివల్ల ఆమెకు గానీ, ఆళ్లగడ్డకు గానీ నష్టం జరిగినట్టు నా రికార్డుల్లో లేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇంకా చాలా ప్రణాళికలు రాశాను. వాటన్నిటిలోనూ ‘తల్లి అభిప్రాయం’ మొదటి గడిలో ఉంటుంది. దాని కింద ఒక ప్రశ్న చేర్చాను: ఈ పిల్ల ఇప్పటికే ఎవరిని దగ్గరికి రానిస్తుంది, వాళ్లు ఏం చేస్తారు? ఆ రెండూ నిండాకే మెట్లకు నంబర్లు వేసేవాణ్ణి, అదీ పెన్సిలుతో.