ఈల వెయ్యగానే లేచినవాళ్లు

ఇవాళ రంగూన్లో, లమ్మడాలోని మా తెలుగు బడిలో ఏడాది చివరి వేడుక జరిగింది. నేను డ్రిల్లు మేష్టర్ని. ఈల వినగానే వరసలో నిలబడాలని రెండు నెలలుగా పిల్లలకి నూరిపోశాను.

పద్యాల పోటీలో గెలిచిన మూడో తరగతి పైడమ్మ బహుమతి కోసం వేదికెక్కింది. తర్వాత మా డ్రిల్లే కదా అని తొందరపడి నేను ఈల వేసేశాను. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక చాపల మీదున్న తండ్రులు మాత్రం, రేవులో ఈలకి పనిలోకి లేచే అలవాటుకొద్దీ, తలపాగాలు బిగించి గేటు వైపు వరస కట్టేశారు. అందరికంటే ముందు పైడమ్మ తండ్రి సూరన్న!

"నాయినా, ఎలిపోతన్నావేటి? నా బగుమతి సూడవా?" అని వేదిక మీంచి ఏడుపు గొంతుతో అరిచింది పైడమ్మ.

సూరన్న నాలిక్కరుచుకుని ఆగాడు గానీ కూర్చోలేదు. "మేష్టారూ, ఇంకో ఈల ఎయ్యండి. అది ఇనకుండా ఎలాగ కూకుంటాం?" అన్నాడు.

వేశాను. అందరూ ఒక్కసారే కూర్చున్నారు. కూతురు పుస్తకం అందుకుంటుంటే సూరన్న చప్పట్లు ఆపితే ఒట్టు.

డ్రిల్లు బహుమతిగా కొన్న ఇత్తడి చెంబు ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరికివ్వాలో మీరే చెప్పండి. పిల్లలకి ఇవ్వమంటే మాత్రం నేనొప్పుకోను.