గొట్టానికి చెవి ఆనించిన మేస్త్రి

పలాసలో మా పెరట్లో కట్టెల బాయిలర్ పెట్టి, దాని ఆవిరి గొట్టాన్ని ఇంటి వెనక గదిలోని పాత జీడిపిక్కల బట్టీకి కలపడానికి టెక్కలి నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. అతుకు బిగించినప్పుడల్లా స్పానరుతో గొట్టాన్ని మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు. పిలిచినా పలికేవాడు కాదు.

"ఏటి వింటన్నావు మేస్త్రీ?" అని ఒకసారి అడిగాను.

"ఆవిరి తలుపు కొట్టి వత్తాదమ్మా. గొట్టంలో నీలు నిలిస్తే ఊరుకోదు, బద్దలు కొట్టుకుని వత్తాది. ముందు నీలు వదిలీయాల."

మొదటిసారి నిప్పు వేసినప్పుడు గొట్టం నిజంగానే మోగింది. అతను కంగారు పడలేదు. నన్ను వెనక్కి జరిపి, అడుగునున్న కుళాయి తిప్పాడు. నల్లటి నీళ్లు పోయాక చప్పుడు ఆగింది.

ఆ వానాకాలంలోనే అతను పోయాడు.

మళ్లీ పిక్కల సీజన్ మొదలైన రోజు పొద్దున్నే నేనూ మా ఆయనా బాయిలర్లో కట్టెలు పేర్చాం. కుళాయి సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఇంతలో గొట్టం మూడుసార్లు మోగింది, ఇనుము మీద ఇనుము పడినట్టు, నెమ్మదిగా. పరుగున వెళ్లి కుళాయి తిప్పాను. బకెట్ నిండా నల్లటి నీళ్లు.

"మంచిదయింది, ఆవిరి ముందే సెప్పింది" అన్నాడు మా ఆయన.

నేను ఆయన చేతివైపు చూశాను. అగ్గిపుల్ల ఇంకా గీయనే లేదు.