దాసరి పురుగు కాన్పు

ఆ రోజుల్లో సర్కారు కొలువు దొరికిన ఇరవై రెండేళ్ల వాడికి తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా, అది తెలుసుకోదగింది కాదని తేల్చేసేవాళ్లం. నిజాం జమానా చివరి సంవత్సరాల్లో నాకు దొరికిన కొలువు పురుగులు పట్టడం. దేవరకొండ వైపు ఆముదపు చెలకల్లో తిరిగి, ఆకు తినే పురుగులనూ, వాటి మీద వాలే చిన్న చిన్న కందిరీగలనూ సీసాల్లో పట్టి, ఏది ఏ జాతిదో చీటీ రాసి, హైదరాబాదులో ఉండే మా పెద్దసాబుకు పంపాలి. కందిరీగ మీసాలకు కణుపులెన్ని, రెక్కల మీద గీతలెలా ఉన్నాయి అని భూతద్దంలో చూసి జాతి చెప్పడం ఆయన నాకు వారం రోజులు నేర్పారు. (వచ్చేసిందని నేను రెండో రోజే చెప్పాను.)

ఊళ్లో ఒక అవ్వ ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ణి. ఆమెకు రెండెకరాల ఆముదం ఉండేది. ఆ ఏడు దాసరి పురుగు పడింది. నడుము పైకెత్తి అడుగులేసే ఆ పురుగు ఆకును ఈనెలు మిగిల్చి తినేస్తుంది. కొన్ని పురుగుల తోక కింద బియ్యపు గింజంత గూడు అంటుకుని ఉండడం చూసి, ఇవి పిల్లల్ని కంటున్నాయని నిర్ధారించాను. ముందు గూడున్న వాటిని ఏరి కాల్చమని ఊరంతా చెప్పించాను. సర్కారు మాట కాబట్టి జనం కాల్చారు. అవ్వ కాల్చలేదు.

“గవి పిల్లలు గావు బిడ్డా. గూడు వట్టిన పురుగు ఆకు ముడ్తలేదు. రెండొద్దుల సంది సూస్తున్న” అంది.

కాన్పు ముందు ఆకలి మందగించడం సహజమని ఆమెకు ఓపిగ్గా వివరించాను. (ఆమె ఏడుగురిని కన్నది.) ఆమె గంప ఎత్తుకుని చెలకకు వెళ్లిపోయింది.

నేను సీసాలో దాచిన గూళ్లలోంచి వారం లోపలే చీమంత నల్ల కందిరీగలు వచ్చాయి. కొన్నిటికి పొడుగు మీసాలు, కొన్నిటికి పొట్టివి. దాసరి పురుగు రెండు కొత్త జాతుల కందిరీగలను ప్రసవించిందని పెద్దసాబుకు ఉత్తరం రాశాను. ఆయన జవాబు రాయలేదు. బస్సెక్కి తానే వచ్చారు. ఆయన వచ్చేసరికి ఊరి చెలకల్లో ఈనెలే మిగిలాయి. అవ్వ చెలక మాత్రం పచ్చగా ఉంది. ఎక్కడ పొరపాటు జరిగిందో అప్పటికి తెలియలేదుగానీ, ఆ చెలకలు చూసిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగలేదు.

సాబు అవ్వ వాకిట్లో కూర్చుని భూతద్దంతో చాలాసేపు చూశారు. కందిరీగ లేత పురుగులో గుడ్డు పెడుతుందనీ, దాని పిల్ల ఆ పురుగును లోపలినుంచి తిని, బయటికొచ్చి గూడు కట్టుకుంటుందనీ, ఆ పురుగు ఇక తినకుండా చస్తుందనీ ఉర్దూలో నెమ్మదిగా చెప్పారు. అంటే మేము కాల్చింది రైతుకు సాయం చేసేవాటిని. ఇక నా రెండు కొత్త జాతులు ఒకే జాతి మొగుడూపెళ్లాలు. ఇదంతా చెప్పి, కాల్చమన్నదెవరని అడిగారు. గోడ పక్కన రైతులు నిలబడి ఉన్నారు. నేను సీసా మీది చీటీని సరిచేయడం మొదలుపెట్టాను.

“గీ పిలగాడే దొరా” అంది అవ్వ. “ఎరుక లేక జెప్పిండు. మూడొద్దుల సంది బువ్వ తింటలేడు. జర నౌకరి తియ్యకు.”

సాబు కొలువు తియ్యలేదు. అవ్వ చెలకలోని గూడు పురుగులను ఆకులతో సహా కోసి, మిగతా చెలకల్లో నా చేత్తోనే పెట్టి రమ్మన్నారు. గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరాను. పక్క చెలక రైతు నన్ను ఆపి, “మొన్న కాల్చుమంటివి, గిప్పుడు సాదుమంటున్నవు. రేపేం జెప్తవో గదిగూడ గిప్పుడే జెప్పు సారూ, మళ్ల తిరుగుడెందుకు” అన్నాడు. హేళన కాదు, నిజంగానే అడిగాడు.

కొత్త చిగుళ్లు వచ్చాయి, వాటిని పురుగు అంతగా తినలేదు. ఊరికి సగం పంట దక్కింది. పోయిన సగానికి నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మరుసటి ఏడు నేను ముందుగా అవ్వ చెలక గట్టు మీదే కూర్చున్నాను. ఆమె చూసిందంతా చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. నా పరిశీలన చాలా సూక్ష్మంగా ఉందని సాబు మెచ్చుకున్నారు. అవి అవ్వ మాటలని చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ అప్పటికి నాకు ఇరవై మూడేళ్లే. అంత పెద్దవాణ్ణి ఇంకా కాలేదు.